పతకాలకు మించిన గౌరవం: టెన్జింగ్ నార్గే జీవితం

చిక్కబళ్ళాపురం పరిసరాలలో నివసించే వారికి ఎత్తు అనగానే ముందుగా స్ఫురించేది నందికొండ. సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తున, ఉదయపు మబ్బులను నడుముకు చుట్టుకొని నిలిచే ఆ కొండను చూడని పిల్లలు బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో అరుదు. అటువంటి ఎత్తులు ఆరింటిని ఒకదానిపై ఒకటి పేర్చితే ఎవరెస్టు శిఖరానికి ఇంచుమించు సరిపోతుంది. 8,848.86 మీటర్ల ఆ మహాశిఖరంపై 1953 మే 29వ తేదీన మొట్టమొదటగా పాదం మోపిన ఇద్దరిలో ఒకరు న్యూజిలాండు దేశీయుడైన ఎడ్మండ్ హిల్లరీ. రెండవవారు డార్జిలింగ్ నివాసి, షెర్పా జాతీయుడు టెన్జింగ్ నార్గే.

చదవను, వ్రాయను నేర్వని ఆ కొండకూలీని రాజులు, రాణులు, ప్రధానమంత్రులు సగౌరవంగా సత్కరించారు. కాని ఆ సత్కారాలే ఆయన మనశ్శాంతికి కొంతకాలం భంగకరమైనాయి. శిఖరంపై ఒకే తాడుతో కట్టుకొని నడిచిన ఇద్దరిని, దిగివచ్చిన తరువాత లోకం విడదీసి తూచబూనింది. ఆ తూకానికి లొంగక, తనకు లభించిన కీర్తిని ఒక పాఠశాలగా మలచి భావితరాలకు అప్పగించి వెళ్ళడమే టెన్జింగ్ జీవితంలోని అసలైన ఆరోహణ.

బాల్యం, నామకరణం

టెన్జింగ్ 1914వ సంవత్సరం మే మాసాంతంలో జన్మించినట్లు అంచనా. జన్మతేదీ వ్రాసి ఉంచే అలవాటు లేని సమాజం అది. అందుచేతనే ఆయన తరువాతి కాలంలో శిఖరాన్ని చేరిన మే 29వ తేదీనే తన పుట్టినరోజుగా జరుపుకొనేవారు. జన్మస్థలం విషయంలోను భిన్నాభిప్రాయాలున్నాయి. నేపాలులోని ఖుంబు ప్రాంతమని కొందరు, టిబెట్టులోని ఖార్తా లోయ అని మరికొందరు అంటారు. పెరిగింది మాత్రం ఖుంబులోని థామే గ్రామంలో. తండ్రి జడలబర్రెలను మేపుకొని జీవించేవాడు. పదముగ్గురు సంతానంలో టెన్జింగ్ పదకొండవవాడు. తోబుట్టువులలో అధికులు చిన్ననాటనే కన్నుమూశారు.

తల్లిదండ్రులు మొదట పెట్టిన పేరు నాంగ్యాల్ వాంగ్డీ. ఎవరెస్టు ఉత్తరపు అంచున ఉన్న రోంగ్బుక్ బౌద్ధమఠపు పెద్దలామా సలహా మేరకు దానిని టెన్జింగ్ నార్గేగా మార్చారు. ధర్మాన్ని అనుసరించే భాగ్యశాలి అని ఆ పేరుకు స్థూలంగా అర్థం. ఆ భాగ్యం ఆయనను వరించడానికి మాత్రం నాలుగు దశాబ్దాలు పట్టింది.

ఆ లోయలోని షెర్పాలు ఎవరెస్టును చోమోలుంగ్మా అని పిలుస్తారు. దానిని దేవతా స్వరూపంగా భావిస్తారు. శిఖరాన్ని ఎక్కాలన్న ఆలోచన వారి సంప్రదాయంలో లేదు. దూరదేశాల నుండి వచ్చిన తెల్లదొరలు ఆ కొండను ఎక్కబూనడం, వారి వెంట బరువులు మోస్తూ వెళ్ళిన షెర్పాలు 1922లో ఏడుగురు మంచుచరియల క్రింద సమాధి కావడం బాల్యంలోనే ఆయన చెవిన పడ్డాయి. భయపడవలసిన ఆ కథలే ఆ బాలునిలో కోరికను రేపాయి.

డార్జిలింగ్ బాట

ఎవరెస్టు యాత్రలకు కూలీలను ఎంపిక చేసేది డార్జిలింగ్‌లోనని తెలుసుకున్న టెన్జింగ్, 1932 చివరిలో ఇల్లు విడిచి ఆ పట్టణం చేరుకున్నారు. ఆవులను మేపి, పాలు అమ్మి, దొరికిన కూలిపని చేసుకొని, షెర్పాలుండే తూంగ్‌సూంగ్ బస్తీలో తలదాచుకున్నారు. మొదటి ప్రయత్నంలో ఆయనను ఎవరూ ఎన్నుకోలేదు. 1935లో ఎరిక్ షిప్టన్ నాయకత్వాన ఎవరెస్టు ఉత్తరభాగ పరిశీలనకు బయలుదేరిన బ్రిటిష్ బృందంలో చివరి క్షణాన చోటు దొరికింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై సంవత్సరాలు.

అనంతరం 1936లోను, 1938లోను మళ్ళీ ఎవరెస్టు బాట పట్టారు. 1938లో అత్యున్నత శిబిరం వరకు బరువులు మోసిన షెర్పాలలో ఆయన ఒకరు. ఎత్తైన శిబిరాలలో అసాధారణ సేవ చేసిన షెర్పాలకు హిమాలయన్ క్లబ్ ఇచ్చే ‘టైగర్’ చిహ్నం ఆయనకు దక్కింది. అది ఆయన జీవితంలో మొదటి సత్కారం. ఆ చిన్న లోహపు బిళ్ళకు గొప్ప అర్థం ఉంది. అంతవరకు యాత్రల నివేదికలలో లెక్కగా మాత్రమే కనిపించిన కూలీలకు అది ఒక పేరును, ఒక స్థానాన్ని ప్రసాదించింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పర్వతయాత్రలు స్తంభించాయి. టెన్జింగ్ వాయవ్య సరిహద్దులోని చిత్రాల్‌లో ఒక సైనికాధికారి వద్ద ఉద్యోగం చేశారు. అక్కడే 1944లో మొదటి భార్య దావా ఫూటీ మరణించింది. తల్లిలేని ఇద్దరు చిన్న కుమార్తెలతో డార్జిలింగ్ తిరిగివచ్చి, ఆంగ్ లామును వివాహమాడారు. యాత్రలు లేని రోజులలో సంసారాన్ని నెట్టుకొచ్చింది ఆమె సంపాదనే.

1947లో స్విట్జర్లాండు బృందంతో గఢ్వాల్ హిమాలయాలకు వెళ్ళినపుడు, షెర్పాల నాయకుడు ప్రమాదంలో తీవ్రంగా గాయపడగా, ఆ సర్దార్ బాధ్యత టెన్జింగ్‌పై పడింది. 1951లో ఫ్రెంచి బృందంతో నందాదేవికి వెళ్ళినపుడు ఇద్దరు ఆరోహకులు అదృశ్యమైనారు. వారిని వెదుకుతూ టెన్జింగ్, లూయీ డ్యూబోస్ట్ అనే సహచరునితో కలిసి నందాదేవి తూర్పు శిఖరాన్ని చేరుకున్నారు. ఎవరెస్టు కన్న ఆ శిఖరమే తనను కఠినంగా పరీక్షించిందని ఆయన తరువాత చెప్పుకొనేవారు.

చేరువైన శిఖరం

1952లో స్విస్ బృందం నేపాలు వైపు నుండి ఎవరెస్టును ఎక్కబూనింది. ఈసారి టెన్జింగ్ కేవలం సర్దార్ కాదు; బృందంలో పూర్తి సభ్యుడు. స్విస్ ఆరోహకుడు రేమండ్ లాంబెర్ట్‌తో ఆయనకు గాఢమైన స్నేహం కుదిరింది. ఒకరి భాష మరొకరికి రాదు. అయినను సైగలతో, నవ్వులతో పని సాగేది. మే 28వ తేదీన ఆ ఇద్దరు సుమారు 8,595 మీటర్ల వరకు వెళ్ళారు. అంత ఎత్తుకు వెళ్ళినట్లు నమోదైనవారు అంతవరకు లేరు. ప్రాణవాయు పరికరాలు సరిగా పనిచేయక, శక్తి నశించి, శిఖరానికి సుమారు 250 మీటర్ల దిగువనుండి వెనుదిరిగారు. అదే సంవత్సరం శరదృతువులో మరల ప్రయత్నించగా చలి, పెనుగాలులు వారిని తరిమివేశాయి.

ఆ యాత్ర ముగిసేనాటికి టెన్జింగ్ మలేరియాతో చిక్కి శల్యమైనారు. కొద్ది నెలలకే జాన్ హంట్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందం నుండి పిలుపు వచ్చింది. ఆరోగ్యాన్ని కూడగట్టుకొని, డార్జిలింగ్ కొండలపై రాళ్ళసంచి మోస్తూ సాధన చేసి, ఏడవసారి ఎవరెస్టుకు బయలుదేరారు.

ఆ యాత్ర ఆరంభంలోనే ఒక చేదు అనుభవం ఎదురైంది. కాఠ్మండులో బ్రిటిష్ బృంద సభ్యులకు రాయబార కార్యాలయంలో వసతి లభించగా, షెర్పాలకు అదే ఆవరణలోని ఒక మోటారు షెడ్డును చూపారు. షెర్పాలు ఆగ్రహించారు. సర్దార్‌గా ఇరుపక్షాల నడుమ నిలిచి సర్దిచెప్పవలసిన భారం టెన్జింగ్‌పై పడింది. శిఖరంపై చేయబోయే సత్కారాలకన్న ముందుగా, మైదానంలో చూపవలసిన మర్యాద ఒకటుంటుందని ఆ సంఘటన తెలియజేస్తుంది.

దారిలో మంచుజలపాతం వద్ద హిల్లరీ ఒక మంచుబీటలోకి జారిపోగా, వెనుకనున్న టెన్జింగ్ రెప్పపాటులో మంచుగొడ్డలిని నేలలో దిగవేసి తాడు బిగించి ఆయనను కాపాడారు. అప్పటినుండి వారిరువురు ఒక జంటగా కుదిరారు. మే 26న మొదటి జంటగా వెళ్ళిన బోర్డిలన్, ఎవాన్స్ దక్షిణశిఖరం వరకు చేరి, ఇక ముందుకు సాగలేక తిరిగివచ్చారు. రెండవ అవకాశం టెన్జింగ్, హిల్లరీలది.

మే 28 రాత్రి సుమారు 8,500 మీటర్ల ఎత్తున, ఏటవాలు మంచుపై వేసిన చిన్న గుడారంలో వారు గడిపారు. తెల్లవారేసరికి హిల్లరీ విడిచిన బూట్లు గడ్డకట్టి రాళ్ళవలె అయ్యాయి. వాటిని పొయ్యిపై కాచి మెత్తపరచవలసివచ్చింది. టెన్జింగ్ బూట్లతోనే నిద్రించారు. ఉదయం 6.30 గంటలకు బయలుదేరి, 9 గంటలకు దక్షిణశిఖరం చేరి, ఆపైన నిట్టనిలువు రాతిమెట్టును దాటి, 11.30 గంటలకు శిఖరాగ్రంపై నిలిచారు. ఐక్యరాజ్యసమితి, బ్రిటన్, నేపాలు, భారతదేశపు పతాకాలు కట్టిన మంచుగొడ్డలిని పైకెత్తిన టెన్జింగ్‌ను హిల్లరీ ఫోటో తీశారు. హిల్లరీ శిఖరంపై నిలిచిన ఫోటో లేదు. టెన్జింగ్ మెడలోనున్నది ముందటి సంవత్సరపు సహచరుడు లాంబెర్ట్ ఇచ్చిన ఎర్రని కండువా. ఆయన మంచులో చిన్న గొయ్యి చేసి దేవతకు నైవేద్యంగా మిఠాయిలను, కుమార్తె నీమా ఇచ్చిన రంగు పెన్సిలు ముక్కను ఉంచారు. సుమారు 15 నిమిషాలు గడిపి వారు క్రిందికి దిగారు.

సత్కారాల చిక్కుముడి

శిఖరం నుండి దిగడం కన్న కీర్తి నుండి దిగడం కష్టమైంది. కాఠ్మండులో లక్షణంగా జరిగిన ఊరేగింపులో టెన్జింగ్‌ను రథంపై కూర్చుండబెట్టి జనం జయజయధ్వానాలు చేశారు. మొదట ఎక్కింది టెన్జింగేనని, అలసిన హిల్లరీని ఆయనే పైకి లాగినాడని చూపే చిత్రాలు వెలిశాయి. మరొకచోట టెన్జింగ్‌ను కేవలం తోడుగా వచ్చిన సహాయకునిగా చిత్రించే వ్రాతలు వచ్చాయి. చివరకు తామిద్దరం దాదాపు కలిసే శిఖరం చేరామని ఇరువురు సంతకాలు చేసిన ప్రకటన ఇవ్వవలసివచ్చింది.

సత్కారాలలోను వ్యత్యాసం తలెత్తింది. బ్రిటిష్ ప్రభుత్వం హంట్‌కు, హిల్లరీకి సర్ బిరుదులను, టెన్జింగ్‌కు జార్జి పతకాన్ని ప్రకటించింది. ఒకే తాడుకు కట్టుకొని నడిచినవారికి రెండు రకాల గౌరవాలేమిటన్న ప్రశ్న నాటినుండి నేటివరకు వినిపిస్తూనే ఉన్నది. ఆయన బ్రిటిష్ ప్రజ కాకపోవడం కారణమని కొందరు, ఇతర కారణాలని మరికొందరు అన్నారు. నేపాలు రాజు త్రిభువన్ తమ దేశపు నేపాల్ తారా పతకాన్ని ప్రదానం చేశారు. భారత ప్రభుత్వం 1959లో పద్మభూషణ్‌తో గౌరవించింది.

వీటన్నింటి నడుమ మరొక ప్రశ్న ఆయనను వెంటాడింది. ఆయన ఏ దేశస్థుడు? నేపాలు తమవాడన్నది, భారతదేశం తమవాడన్నది, పూర్వీకుల మూలాలు టిబెట్టులో ఉన్నాయి. ఆయన మాత్రం నేపాలును కన్నతల్లిగా, భారతదేశాన్ని పెంచిన తల్లిగా భావించి, ఒకరి కొరకు మరొకరిని కాదనడానికి నిరాకరించారు. ఇంట తెలుగు, బయట కన్నడం పలుకుతూ రెండింటినీ తమవిగా చేసుకున్న బాగేపల్లి, చింతామణి ప్రాంతాల ప్రజలకు ఈ వైఖరి సులభంగా అర్థమవుతుంది. తెలుగులోను, కన్నడంలోను కీర్తనలు రచించిన కైవారం తాతయ్య ఈ నేలవాడే. రెండు ఒడులలో పెరగడం లోపం కాదని, అదొక సంపద అని సరిహద్దు ప్రజలు అనుభవంతో ఎరుగుదురు.

టెన్జింగ్ అనేక భాషలు మాట్లాడగలిగినను వ్రాయలేరు. అందుచేత జేమ్స్ రామ్సే ఉల్మన్ అనే అమెరికన్ రచయితకు తన జీవితకథను చెప్పి వ్రాయించారు. 1955లో వెలువడిన ఆ గ్రంథంలో ఆయన ఒక సత్యాన్ని ప్రకటించారు. శిఖరంపై మొదట అడుగు పెట్టింది హిల్లరీయేనని, తాను కొద్ది అడుగుల వెనుక ఉన్నానని తేటతెల్లం చేశారు. అభిమానులు నొచ్చుకుంటారని తెలిసియే ఆ మాట చెప్పారు. అదే గ్రంథంలో, రాతిమెట్టు వద్ద తాను ఒడ్డుకు లాగిన చేపవలె కూలబడినట్లు హిల్లరీ వర్ణించడం న్యాయం కాదని కూడ స్పష్టం చేశారు. తనకు చెందని గౌరవాన్ని స్వీకరించలేదు. తనకు చెందిన గౌరవాన్ని వదులుకొననూ లేదు. ఆత్మగౌరవానికి ఇంతకన్న చక్కని నిర్వచనం వెదకనక్కరలేదు.

కొండపై బడి

ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ టెన్జింగ్‌ను ఆదరించిన తీరు అన్ని సత్కారాలలోకి విశిష్టమైనది. ఆయనకు తగిన దుస్తులు లేవని గ్రహించి తన బీరువాలోని దుస్తులను స్వయంగా తీసియిచ్చిన నెహ్రూ, అంతటితో ఆగలేదు. ఆ మనిషిలోని విద్య ఆయనతోనే అంతరించరాదని తలచారు. నెహ్రూ ప్రోత్సాహంతో, పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్‌చంద్ర రాయ్ చొరవతో 1954 నవంబరు 4వ తేదీన డార్జిలింగ్‌లో హిమాలయ పర్వతారోహణ సంస్థ వెలిసింది. మేజర్ నరేంద్ర ధర్ జయాల్ మొదటి ప్రధానాచార్యులు. టెన్జింగ్ క్షేత్రశిక్షణకు మొదటి సంచాలకులు.

ఎవరెస్టు విజేతయై, లోకప్రసిద్ధుడైన తరువాత, నలభై ఏళ్ళ వయస్సులో టెన్జింగ్ తిరిగి విద్యార్థి అయ్యారు. బోధించడం ఎట్లో నేర్చుకొనడానికి స్విట్జర్లాండు వెళ్ళి ఆర్నాల్డ్ గ్లాట్హార్డ్ వద్ద శిక్షణ పొందారు. కొండ ఎక్కడం వేరు, ఎక్కించడం వేరు అని ఆయన గుర్తించారు. ముడి వేయడం, తాడు పట్టడం, మంచులో మెట్టు తొలచడం, జారినపుడు ఆగడం, అన్నింటికంటె ముందు, వెనుదిరగవలసిన వేళ వెనుదిరగడం అక్కడి పాఠాలు. ఆరుసార్లు వెనుదిరిగిన వ్యక్తికన్న ఆ చివరి పాఠం చెప్పగలవారెవరు?

సుమారు 22 ఏళ్ళు ఆయన ఆ సంస్థలో సేవ చేసి 1976లో విశ్రాంతి తీసుకున్నారు. ఆయన మేనల్లుడు నవాంగ్ గోంబు 1963లో అమెరికన్ బృందంతోను, 1965లో మోహన్‌సింగ్ కోహ్లీ నాయకత్వంలోని భారత బృందంతోను ఎవరెస్టును అధిరోహించి, రెండుసార్లు ఆ శిఖరమెక్కిన మొదటి మానవుడైనాడు. ఆ 1965 యాత్రలో తొమ్మిదిమంది భారతీయులు శిఖరం చేరారు. ఒక కూలీ ఎక్కిన శిఖరాన్ని పన్నెండేళ్ళలో ఒక దేశం ఎక్కింది.

1986 మే 9వ తేదీన టెన్జింగ్ డార్జిలింగ్‌లో కన్నుమూశారు. నాడు భారతదేశంలో న్యూజిలాండు హైకమిషనర్‌గా ఉన్న హిల్లరీ, అల్లర్లతో అట్టుడుకుతున్న ఆ కొండప్రాంతానికి వచ్చి తన సహచరుని అంతిమయాత్రలో పాల్గొన్నారు. లోకం వారిని ఎంతగా తూచినను, వారి నడుమ కట్టిన తాడు తెగలేదు. ఆయన దహనసంస్కారం తాను పాఠాలు చెప్పిన ఆ సంస్థ ఆవరణలోనే జరిగింది. అక్కడ ఆయన విగ్రహం నిలిచియున్నది. సాహస క్రీడలలో భారత ప్రభుత్వం ఇచ్చే జాతీయ పురస్కారం నేడు టెన్జింగ్ నార్గే పేరుతో ఉన్నది. లుక్లా విమానాశ్రయానికి 2008లో టెన్జింగ్, హిల్లరీల పేర్లు కలిపి పెట్టారు. సుదూరమైన ప్లూటోపై ఒక పర్వతశ్రేణికి సైతం ఆయన పేరు నిలిచింది.

తెలుగు నేలకు చేరిన తాడు

ఆయన పట్టిన తాడు కొస తెలుగు నేలకూ చేరింది. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాల పూర్వవిద్యార్థి, సైనికాధికారి ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో అసువులు బాశారు. పాఠశాల ఆయన విగ్రహాన్ని ప్రతిష్ఠించుకొన్నది. ఆ విగ్రహాన్ని చూస్తూ పెరిగిన నెల్లూరు జిల్లా విద్యార్థి మల్లి మస్తాన్‌బాబు 2006లో జనవరి 19 నుండి జూలై 10 లోపల, 172 రోజులలో, ఏడు ఖండాల ఏడు అత్యున్నత శిఖరాలను అధిరోహించారు. 2015లో ఆండీస్ పర్వతాలలో ఆయన ప్రాణాలు విడువగా, స్వగ్రామంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 2014 మే 25న నిజామాబాదు జిల్లాకు చెందిన 13 ఏళ్ళ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ ఎవరెస్టును అధిరోహించారు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులైన ఆ పిల్లలు శిక్షణ పొందిన చోట్లలో ఒకటి టెన్జింగ్ బోధించిన డార్జిలింగ్ సంస్థ. వారు ఎక్కిన దారి, యువకునిగా టెన్జింగ్ ఓడి వెనుదిరిగిన ఆ ఉత్తరపు దారియే.

పతకం ఒకరి రొమ్ముపై ఆగిపోతుంది; విగ్రహం ఒక చోట నిలిచిపోతుంది. వాటిని చూచి మరొక పిల్లవాడు తల పైకెత్తినపుడే అవి సార్థకమవుతాయి. ఏ పాఠశాలకైనను డెబ్బది ఐదేళ్ళ ఆయుస్సు అంటే, అన్నేళ్ళుగా ఒక తరం మరొక తరానికి తాడు అందిస్తూ వచ్చిందని అర్థం. బడి చదువుకు నోచుకోని టెన్జింగ్ నార్గే బడిని నిలిపి వెళ్ళారు. బడికి వచ్చే భాగ్యం కలిగిన బాలబాలికలు తమకు అందిన తాడును గట్టిగా పట్టుకొని, వెనుక వచ్చేవారికి అందించగలిగితే, ఆ మహనీయునికి చేయదగిన సత్కారం అంతకు మించినది లేదు.